సోలార్ పెట్టించే ముందు... చెడితే ఎవరొస్తారో అడగండి

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడక చూస్తాం, కాడికి కట్టి ఒక చాలు దున్నించి చూస్తాం. బోరుకు మోటారు కొనేటప్పుడు దాని ధరతో పాటు కాలిపోతే నాయుడుపేటలో చుట్టేవాళ్లున్నారా లేదా అని కనుక్కుంటాం. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించేటప్పుడు మాత్రం చాలామంది రైతులు ఒక్క ప్రశ్నతోనే ఆగిపోతున్నారు. "సబ్సిడీ పోను మా చేతినుంచి ఎంత పడుతుంది?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న తప్పేమీ కాదు గానీ, దాని పక్కనే ఇంకో ప్రశ్న వేయాలి. "రెండేళ్ల తర్వాత ఇది ఆగిపోతే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు, ఖర్చు ఎవరిది?" అని.

మోటారు కాలితే చుట్టించుకోవచ్చు, స్టార్టరు పోతే ఊళ్లో ఎలక్ట్రీషియనే విప్పి చూస్తాడు. సోలార్ ఇన్వర్టరు అట్లా కాదు. అది లోపలంతా ఎలక్ట్రానిక్ బోర్డులతో ఉంటుంది. వారంటీలో ఉండగా ఊరి మెకానిక్ సీలు తీస్తే ఉన్న వారంటీ కాస్తా పోతుంది. కాబట్టి సోలార్ విషయంలో సామాను ఎంత ముఖ్యమో, దాన్ని అమ్మినవాడి సర్వీసూ అంతే ముఖ్యం. దాన్ని ముందుగానే ఎట్లా బేరీజు వేసుకోవాలో ఈ వారం చూద్దాం.

ఇప్పుడే ఎందుకు

ఇంటి మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్య ఘర్ పథకం మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద కోటి ఇళ్లకు చేర్చాలన్నది లక్ష్యం. ఇందుకు 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. 2026-27 దాకా పథకం ఉంటుంది. 1 కిలోవాటుకు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామని, బీసీలకు కేంద్రం ఇచ్చేదానికి తోడు మరో 20 వేలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మీ ఊరికి ఆ వంతు ఎప్పుడొస్తుందో కరెంటాఫీసులో అడిగి తెలుసుకోండి.

నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి 1 నుంచి 2 కిలోవాట్లు సరిపోతుంది. 150 నుంచి 300 యూనిట్లు వాడేవాళ్లకు 2 నుంచి 3 కిలోవాట్లు కావాలి. చిన్న రైతు ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్జు, ఒక మిక్సీ ఉంటే 2 కిలోవాట్లు చాలు. అంతకంటే పెద్దది పెట్టుకోమని ఎవరైనా తొందరపెడితే అది ఆయన లాభం కోసమేమో ఆలోచించండి.

సబ్సిడీ వచ్చాక అమ్మేవాళ్లూ ఎక్కువయ్యారు. నాయుడుపేటకు చెన్నై, తిరుపతి, నెల్లూరు మూడూ అందుబాటులోనే ఉన్నాయి. మూడు వైపుల నుంచీ ఏజెంట్లు వస్తారు. వీళ్లలో పదేళ్లు నిలబడేవాళ్లూ ఉంటారు, సబ్సిడీ ఉన్నన్నాళ్లు ఉండి బోర్డు తిప్పేసేవాళ్లూ ఉంటారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను ముందే గుర్తుపట్టడం మన పని.

ఇంకొక మాట. మన మేనకూరు వైపు పరిశ్రమలు వచ్చాయి. నాయుడుపేటలో సోలార్ సెల్స్ తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ పెడుతున్నట్టు ప్రీమియర్ ఎనర్జీస్ సంస్థ 2025లో ప్రకటించింది. అంతమాత్రాన ఇంట్లో ఇన్వర్టరు ఆగితే ఫ్యాక్టరీ నుంచి మనిషి రాడు. మన మిద్దె మీద పెట్టినవాడే రావాలి. ఫ్యాక్టరీ దగ్గరుండటం వేరు, సర్వీసు దగ్గరుండటం వేరు.

ఆగితే పోయేది ఎంత

లెక్క వేసి చూస్తే గానీ సర్వీసు విలువ తెలియదు. మన ఎండకు 1 కిలోవాటు సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 2 కిలోవాట్లయితే రోజుకు 8, నెలకు 240 యూనిట్లు. యూనిట్ సగటున 4 రూపాయలు అనుకున్నా నెలకు 960 రూపాయలు.

ఇన్వర్టరు పాడై, కంపెనీకి పంపి, తిరిగి వచ్చేసరికి రెండు నెలలు పట్టిందనుకుందాం. 1,920 రూపాయలు పోయినట్టే. ఇట్లా రెండుసార్లు జరిగితే 3,840. బేరమాడి నాలుగు వేలు తగ్గించుకున్నామన్న సంతోషం అక్కడికి చెల్లు. పైగా బ్యాంకు అప్పు ఆగదు. లక్ష రూపాయలు 6 శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెల కంతు సుమారు 1,110 రూపాయలు పడుతుంది. పలకలు కరెంటు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ కంతు కట్టాల్సిందే. అటు కంతు కడుతూ, ఇటు కరెంటు బిల్లు కడుతూ రెండు వైపులా దెబ్బ తినేది రైతే.

అందుకే ఇద్దరు సప్లయర్ల మధ్య నాలుగైదు వేల తేడా ఉంటే చవకవైపు వెంటనే మొగ్గకండి. ఆ తేడా దేనికి తీసుకుంటున్నారో అడగండి. దగ్గర్లో సర్వీసు మనిషిని పెట్టుకున్నందుకైతే అది దండగ ఖర్చు కాదు.

ఏది చెడుతుంది, ఎవరి బాధ్యత

సోలార్ అంటే ఒకే సామాను కాదు. ఐదారు వస్తువులు కలిసి పనిచేస్తాయి. ఒక్కోదానికి ఒక్కో బాధ్యుడు ఉంటాడు. ఇది తెలియకపోతే ఒకరు ఇంకొకరి మీదకు తోసేస్తుంటే మనం మధ్యలో తిరగాలి.

పలకలు: ఇవి తొందరగా చెడవు. వీటికి రెండు రకాల వారంటీ ఉంటుంది. తయారీ లోపానికి పది, పన్నెండేళ్లు ఉంటుంది. ఇరవై ఐదేళ్ల తర్వాత కూడా సుమారు 80 శాతం కరెంటు ఇస్తుందన్నది ఇంకొకటి. అమ్మేవాళ్లు "ఇరవై ఐదేళ్ల గ్యారంటీ" అంటే అది ఈ రెండోది మాత్రమే. మొత్తం సామానుకంతా కాదు.

ఇన్వర్టరు: ఎక్కువగా ఫిర్యాదులు వచ్చేది దీని మీదే. వారంటీ ఐదేళ్ల నుంచి పదేళ్ల దాకా కంపెనీని బట్టి ఉంటుంది. వారంటీ ఉందంటే బోర్డు మార్చి ఇస్తారు గానీ, విప్పి తీసుకుపోయే కూలి, రానుపోను చార్జీలు ఎవరివన్నది చాలా కార్డుల్లో ఉండదు. అది విడిగా అడగాలి.

స్టాండ్లు, బిగింపు: పలక పనిచేస్తున్నా స్టాండు తుప్పుపట్టినా, బోల్టు వదులైనా గాలికి లేచిపోతుంది. ఈ బాధ్యత పూర్తిగా పెట్టిన సప్లయర్‌దే. జింకు పూత గట్టిగా ఉన్న ఇనుము కావాలని చెప్పండి. సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

ఎర్తింగు, పిడుగు రక్షణ: పలకల వైపు ఒకటి, ఇన్వర్టరు నుంచి ఇంటికొచ్చే కరెంటుకు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి చొప్పున మూడు ఎర్తింగు గుంతలు విడివిడిగా ఉండాలి. కూలి మిగుల్చుకోవడానికి మూడింటినీ ఒకే గుంతలో కలిపేసేవాళ్లు ఉన్నారు. గుంతలు తీసేటప్పుడు దగ్గరుండి చూడండి.

నెట్ మీటరు: లైనుకు మనం పంపింది ఎంత, లైను నుంచి తీసుకున్నది ఎంత అని లెక్కగట్టే మీటరు ఇది. ఇది డిస్కం వాళ్ల పరిధిలోది. మనకు తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్ చూస్తుంది. దీన్ని సప్లయర్ ముట్టుకోకూడదు.

ఇద్దరి మధ్య పడే తగువు

పల్లెల్లో తరచూ వచ్చే చిక్కు ఒకటుంది. మధ్యాహ్నం లైన్లో వోల్టేజి హద్దు దాటితే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. అది దాని రక్షణ కోసం చేసుకున్న ఏర్పాటు. మళ్లీ వోల్టేజి సర్దుకోగానే మొదలవుతుంది. ఇట్లా రోజుకు పదిసార్లు ఆగితే ఆ మేరకు కరెంటు పోతుంది. సప్లయర్‌ను అడిగితే "లైను సరిగా లేదు, కరెంటాఫీసుకు పోండి" అంటాడు. కరెంటాఫీసుకు పోతే "మీ ఇన్వర్టరు తేడా, పెట్టినోణ్ణి అడగండి" అంటారు.

మంచి సప్లయర్ అయితే ఇక్కడ తప్పించుకోడు. తనే మీటరు తెచ్చి ఇన్వర్టరు దగ్గర వోల్టేజి కొలిచి, లైన్‌మన్‌ను పిలిచి చూపించి, కాగితం మీద రాసిస్తాడు. ఆ కాగితంతో మనం 1912కు ఫిర్యాదు చేస్తే పని జరుగుతుంది. అందుకని కొనేముందే "వోల్టేజి ఎక్కువై ఇన్వర్టరు ఆగిపోతుంటే మీరేం చేస్తారు?" అని అడిగి చూడండి. జవాబు చెప్పే తీరులోనే మనిషి తెలిసిపోతాడు.

కొనకముందే సర్వీసును పరీక్షించండి

అమ్మేటప్పుడు అందరూ ఫోన్ ఎత్తుతారు. అమ్మే మనిషి నంబరు కాదు, సర్వీసు నంబరు తీసుకోండి. ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం, ఒక ఆదివారం ఫోన్ చేసి చూడండి. ఎత్తుతున్నారా? తెలుగులో మాట్లాడుతున్నారా? ఫిర్యాదు నంబరు ఇస్తామంటున్నారా, లేక "మా అన్నకు చెప్తాం" అంటున్నారా? మీరు ఇంకా కొనలేదని చెప్పాల్సిన పన్లేదు. ఇన్వర్టరు మీద ఎర్ర లైటు వెలిగితే ఏం చేయాలని అడగండి. విషయం తెలిసినవాళ్లయితే తెర మీద ఏ అంకె కనిపిస్తోందని తిరిగి అడుగుతారు.

రెండో పరీక్ష, వాళ్లు పెట్టిన ఇళ్లు చూడటం. నిరుడు పెట్టినవి చూపిస్తే సరిపోదు. పెట్టి రెండేళ్లు దాటిన మూడు ఇళ్లు చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో సప్లయర్ లేకుండా మాట్లాడండి. "బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. "ఎన్నిసార్లు ఆగింది? ఫోన్ చేసిన ఎన్నో రోజుకు వచ్చారు? డబ్బు అడిగారా?" అని అడగండి. ఒక్కసారి కూడా ఆగని ఇల్లు చూసి మురిసిపోయేకంటే, ఆగితే రెండు రోజుల్లో వచ్చి బాగుచేసిన ఇల్లు చూడటం మేలు.

మూడో పరీక్ష తుపాను. మనకు కార్తీక, మార్గశిరాల్లో వాయుగుండాలు తప్పవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే మన తీర మండలాల్లో కుండపోత కురిసింది. అప్పటికే సోలార్ ఉన్న ఇళ్లు ఎక్కడైనా ఉంటే వెళ్లి, ఆ గాలివానకు స్టాండ్లు ఎట్లా నిలబడ్డాయి, తర్వాత సప్లయర్ వచ్చి బోల్టులు చూసిపోయాడా అని కనుక్కోండి. తుపాను తర్వాత తనంతట తాను ఫోన్ చేసి అడిగిన సప్లయర్ దొరికితే వదులుకోవద్దు.

నాలుగోది చిరునామా. కరపత్రం మీద ఉన్న ఆఫీసు నిజంగా ఉందా? నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, సూళ్లూరుపేటల్లో ఎక్కడైనా వాళ్ల టెక్నీషియన్ ఉంటాడా? ఒక్క మనిషి ఎన్ని మండలాలు తిరుగుతాడు? విడి ఇన్వర్టరు ఒకటైనా స్టాకులో ఉంచుకుంటారా? ఇన్వర్టరు రిపేరుకు పోయినన్నాళ్లు బదులుగా ఇంకొకటి పెట్టే సప్లయర్ అందరికంటే మేలు.

రిజిస్టరైన వాళ్లేనా

సబ్సిడీ రావాలంటే సప్లయర్ మన డిస్కం పరిధిలో రిజిస్టరై ఉండాలి. చెన్నైలో పెద్ద కంపెనీ అయినా ఏపీఎస్పీడీసీఎల్ జాబితాలో లేకపోతే మనకు సబ్సిడీ రాదు. పీఎం సూర్య ఘర్ పోర్టల్లో ఈ జాబితా ఉంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఫోన్లో చూపిస్తారు. పేరు ఒకటే చూసి వదిలేయకండి. ఏజెంటు చెప్పే కంపెనీ, జాబితాలోని కంపెనీ, బిల్లు మీద ఉన్న కంపెనీ మూడూ ఒకటేనా అని సరిచూసుకోండి. జాబితాలో ఉన్న పేరు చెప్పి పని ఇంకొకరికి కాంట్రాక్టు ఇచ్చే పద్ధతి ఉంది. అట్లాంటప్పుడు రేపు చెడితే బాధ్యత ఎవరిదో రాతలో ఉండాలి.

సబ్సిడీకి పెట్టే పలకలు మన దేశంలో తయారైనవే కావాలి. పలక లోపలి సెల్స్ కూడా ఇక్కడివే అయ్యుండాలి. ప్రతి పలక మీద సీరియల్ నంబరు ఉంటుంది. మిద్దె ఎక్కించకముందే ఆ నంబర్లన్నీ ఫొటో తీసిపెట్టుకోండి. ఒకసారి బిగించాక వెనకవైపు చూడటం కష్టం.

ఈ పథకం కింద పెట్టిన సప్లయర్ ఐదేళ్ల పాటు నిర్వహణ చూడాలన్నది నిబంధన. చాలామంది రైతులకు ఈ సంగతి తెలియదు. రెండో ఏడాది ఎవరైనా వచ్చి "సర్వీసు కాంట్రాక్టు కట్టండి" అంటే, ఐదేళ్లూ మీ బాధ్యతే గదా అని అడగండి.

అగ్రిమెంటులో ఇవి రాయించండి

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని సామెత. నోటిమాట ఎంత తియ్యగా ఉన్నా కాగితం మీదకు రావాలి. పథకానికి ఒక నమూనా అగ్రిమెంటు ఉంది. దానికి ఈ కింది మాటలు చేర్చమని అడగండి.

1. ఫిర్యాదు చేసిన ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు. రావడం వేరు, బాగుచేయడం వేరు. రెండూ విడివిడిగా రాయాలి.

2. ఐదేళ్ల నిర్వహణలో ఏమేమి కలుస్తాయి. ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి బోల్టులు, వైర్లు, ఎర్తింగు చూస్తారు. పలకలు కడగడం ఎవరి పని.

3. వారంటీలో ఉన్న సామాను విప్పే కూలి, రవాణా ఖర్చు ఎవరిది.

4. పలకల కంపెనీ, మోడలు, సీరియల్ నంబర్లు. ఇన్వర్టరు కంపెనీ, సీరియల్ నంబరు.

5. మిద్దెకు రంధ్రాలు వేస్తే నీళ్లు కారకుండా చూసే బాధ్యత, కారితే బాగుచేసే బాధ్యత.

6. ఇన్వర్టరు యాప్ లాగిన్ మీ ఫోన్ నంబరుతోనే ఉండాలని.

ఆరో మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా అక్కరకొస్తుంది. ఇప్పటి ఇన్వర్టర్లు రోజుకు ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఏ తప్పు వల్ల ఆగాయో ఫోన్‌కు పంపుతాయి. ఆ లాగిన్ సప్లయర్ దగ్గరే ఉంటే ఆయన చెప్పిందే మనం నమ్మాలి. మన దగ్గరుంటే రేపు ఇంకొకరితో సర్వీసు చేయించుకోవాలన్నా వీలవుతుంది. ఇంట్లో వైఫై లేకపోతే సిమ్ కార్డుతో పనిచేసే పరికరం పెట్టగలరేమో అడగండి.

ఈ మాటలు విని పట్టించుకోవాలి

"బిల్లు సున్నా వస్తుంది" అంటే నమ్మకండి. వాడకాన్ని బట్టి, ఎండను బట్టి బిల్లు బాగా తగ్గుతుంది. మబ్బు నెలల్లో తయారీ పడిపోతుంది. పైగా మీటరుకు కొన్ని స్థిర చార్జీలు ఉంటాయి.

"కరెంటు పోయినా మీ ఇంట్లో లైట్లు వెలుగుతాయి" అంటే ఇంకా జాగ్రత్త పడండి. బ్యాటరీ లేని మామూలు సోలార్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అట్లా తయారుచేశారు. కరెంటు పోయినప్పుడూ కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాలి. దానికి ఖర్చు ఎక్కువ. బ్యాటరీకి ఈ సబ్సిడీ వర్తించదు. ఈ సంగతి మీరు అడక్కముందే చెప్పిన సప్లయర్ నిజాయితీపరుడు. అడిగినా దాటేసేవాణ్ణి దూరం పెట్టండి.

"మేం ప్రభుత్వం తరఫున వచ్చాం" అని ఇంటికొచ్చి ఆధార్, పాస్‌బుక్, ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. సప్లయర్‌ను ఎంచుకునే హక్కు మనదే. ప్రభుత్వం ఎవరినీ అంటగట్టదు. ఒకసారి మీ పేరు మీద ఇంకొకరి పేరు ఎక్కితే మార్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

"ఈరోజే కడితే ఐదువేలు తక్కువ" అనేవాళ్లకు మన అవసరం కంటే వాళ్ల అవసరమే ఎక్కువ. రేపు రమ్మనండి.

డబ్బు ఎట్లా కట్టాలి

మొత్తం డబ్బు ముందే కట్టేస్తే మన చేతిలో పట్టు ఉండదు. కొంత బయానా, సామాను ఇంటికి దిగాక కొంత, బిగించాక కొంత, నెట్ మీటరు పెట్టి కరెంటు మొదలయ్యాక మిగతాది అని విడతలుగా మాట్లాడుకోండి. ఆఖరి విడత చిన్నదైనా ఉండాలి. ప్రతి విడతా బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి.

సబ్సిడీ పని పూర్తయి తనిఖీ అయ్యాక నేరుగా మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. "సబ్సిడీ మా ఖాతాకు రాసివ్వండి" అని ఎవరైనా అడిగితే అది పద్ధతి కాదు. ఖాతాకు ఆధార్ లింకు, కరెంటు మీటరు మీద ఉన్న పేరు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తండ్రి పేరు మీద మీటరు ఉండి, కొడుకు పేరు మీద దరఖాస్తు చేసి చిక్కుపడ్డ సందర్భాలు చాలా ఊళ్లలో కనిపిస్తాయి. ఇట్లాంటి కాగితాల చిక్కును ముందే పట్టి చెప్పేవాడు మంచి సప్లయర్.

డిస్కం వైపు ఆలస్యమైనా అడిగే హక్కు మనకుంది. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఇంటి సోలార్‌కు సాంకేతిక పరిశీలన పేరుతో ఆపకూడదు. పని పూర్తయినట్టు తెలిపాక 15 రోజుల్లో మీటరు పెట్టి మొదలుపెట్టాలి. "డిస్కం ఆలస్యం చేస్తోంది" అని సప్లయర్ నెలల తరబడి చెబుతుంటే, పని పూర్తయినట్టు ఏ తేదీన తెలిపాడో కాగితం చూపించమనండి.

పదిళ్లు కలిస్తే బలం

ఒక్క ఇంటికోసం తిరుపతి నుంచి టెక్నీషియన్ రావాలంటే సప్లయర్‌కు భారమే. అదే ఊళ్లో పది, పదిహేను ఇళ్లకు ఆయనే పెట్టి ఉంటే నెలకొకసారైనా వస్తాడు. కాబట్టి ఊళ్లో పెట్టుకోదలచినవాళ్లంతా కలిసి ఒకే సప్లయర్‌తో మాట్లాడండి. ధర తగ్గించమని కాదు, సర్వీసు పెంచమని బేరమాడండి. ఊళ్లో ఐటీఐ చదివిన కుర్రాడికి చిన్న చిన్న పనులు నేర్పమని, ఒక విడి ఇన్వర్టరు దగ్గర్లో ఉంచమని అడగండి. కుప్పం మండలం నడిమూరులో 2025 జనవరిలో ఊరుఊరంతా సోలార్ పెట్టే ప్రయోగం ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలైంది. ఊరంతా ఒకేచోట ఉంటే నిర్వహణ సులువు.

ఇది కొత్త సంగతేమీ కాదు. బెంగళూరులో హరీశ్ హందే 1995లో సెల్కో కంపెనీ మొదలుపెట్టినప్పుడు పల్లె ఇళ్లకు సోలార్ దీపాలు అమ్మడంతోనే ఆగలేదు. ఊళ్లకు దగ్గరగా సర్వీసు కేంద్రాలు పెట్టి, బ్యాంకు అప్పులు ఇప్పించి, ఇంటికొచ్చి బాగుచేసే మనుషుల్ని పెట్టారు. ఆ పనికి 2011లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బంగ్లాదేశ్‌లో 2003 నుంచి నలభై లక్షలకు పైగా పల్లె ఇళ్లకు చిన్న సోలార్ సామాన్లు కంతుల మీద ఇచ్చారు. కంతు వసూలుకు వచ్చే మనిషే సామాను పనిచేస్తోందో లేదో చూసేవాడు. పనిచేయకపోతే కంతు రాదు కాబట్టి బాగుచేయడం వాళ్లకూ అవసరమే అయింది. మనం ఆఖరి విడత డబ్బు చేతిలో ఉంచుకోవడంలో ఉన్న కిటుకూ ఇదే.

పెట్టాక మన పని

సర్వీసంతా సప్లయర్ మీదే వదిలేయకూడదు. వారానికొకసారి ఇన్వర్టరు మీద యూనిట్ల లెక్క చూసి క్యాలెండరు మీద రాయండి. ఎండ బాగా ఉన్నా లెక్క పడిపోతే అప్పుడే తెలుస్తుంది. లేకపోతే రెండు నెలల తర్వాత బిల్లు వచ్చినప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

పదిహేను రోజులకొకసారి పలకలు కడగాలి. రైసు మిల్లుల పక్కన, హైవే పక్కన ఇళ్లకు బూడిద, దుమ్ము ఎక్కువ కాబట్టి ఇంకాస్త తరచుగా కడగాలి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చేయాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. ఉప్పు బోరు నీళ్లు అట్లే ఆరిపోతే తెల్లటి చారలు మిగిలిపోతాయి. కడిగిన వెంటనే మెత్తటి గుడ్డతో తుడవాలి. పలకల మీద ఎక్కి తొక్కకూడదు.

వైరు ఊడినా, కాలిన వాసన వచ్చినా మనం చేయి పెట్టొద్దు. ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. మెయిను కట్టేసినా ఆ వైర్లలో ఉంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచి సప్లయర్‌కు ఫోన్ చేయండి.

చెడినప్పుడు ఎక్కడికి పోవాలి

ముందు సప్లయర్‌కు ఫోన్ చేసి, ఆ వెంటనే అదే మాట వాట్సాప్‌లోనో ఉత్తరంగానో పంపండి. తేదీ, ఇన్వర్టరు మీద కనిపించే అంకె, ఫొటో ఉండాలి. ఫోన్‌లో చెప్పింది రేపు రుజువు కాదు, రాసింది రుజువు. జవాబు రాకపోతే ఇన్వర్టరు కంపెనీ సొంత సర్వీసు నంబరుకు సీరియల్ నంబరుతో ఫిర్యాదు చేయండి. కొన్నిసార్లు సప్లయర్ కనపడకపోయినా కంపెనీ వారంటీ మిగిలే ఉంటుంది.

అప్పటికీ కదలకపోతే సూర్య ఘర్ పథకం నంబరు 15555కు, పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టండి. మీటరు, లైను సంగతులకు డిస్కం 1912 ఉంది. అక్కడా కాకపోతే డిస్కం పరిధిలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. సప్లయర్ మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం సప్లయర్ చెన్నైలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా మనం ఉండేచోటే కేసు వేయవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. తగువు పుట్టిన రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, అగ్రిమెంటు, రసీదులు, వారంటీ కార్డు, పంపిన ఫిర్యాదులు అన్నీ ఒకే సంచిలో పెట్టి పట్టాదారు పాసుపుస్తకం పక్కనే భద్రం చేసుకోండి.

సోలార్ మంచిదే. మన ఎండకు పనికొచ్చేదే. సరిగ్గా పెట్టించుకున్న ఇంటికి అప్పు తీరాక కూడా పదిహేనేళ్లు కరెంటు ఖర్చు కలిసొస్తుంది. అయితే అది ఒక్కరోజు బేరం కాదు, ఇరవై ఐదేళ్ల పొత్తు. ఈ వారం ఎవరైనా సప్లయర్ మీ గడప తొక్కితే ధర అడిగే ముందు ఆయన సర్వీసు నంబరు, రెండేళ్లు దాటిన మూడు ఇళ్ల చిరునామాలు అడగండి. తడుముకోకుండా రాసిచ్చినవాడితోనే బేరం మొదలుపెట్టండి.